పేకముక్కల నుండి వీడియో ఆటల దాకా

పాఠ్యభాగ ఉద్దేశం

జపాన్ దేశానికి చెందిన నింటెండో సంస్థ 1889లో పేకముక్కల తయారీతో ప్రారంభమై, కాలక్రమంలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన వీడియో ఆటల సంస్థగా రూపొందింది. ఈ సుదీర్ఘ ప్రయాణంలో ఆ సంస్థ ఏ మార్పులను స్వీకరించిందో, దేనిని విడువక నిలుపుకొన్నదో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఆటకు కావలసిన సాధనాలు కాలాన్నిబట్టి మారుతుంటాయి. ఆడాలనే కోరిక మాత్రం మనిషిని విడిచిపోదు. ఈ సత్యాన్నే పెట్టుబడిగా చేసుకొని నూట ముప్పై ఏళ్లకు పైగా మనుగడ సాగిస్తున్న సంస్థ నింటెండో. దీని చరిత్రలో ఘన విజయాలెన్ని ఉన్నాయో, అపజయాలూ అన్ని ఉన్నాయి. ఆ అపజయాల నుండి కోలుకొన్న తీరే ఈ చరిత్రలో ముఖ్యంగా గమనించదగిన అంశం.

పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకులు జపాన్‌కు పేకముక్కలను పరిచయం చేశారు. వాటితోపాటు జూదమూ వ్యాపించడంతో పాలకులు నిషేధాలు విధించారు. ఒక రకం ముక్కలను నిషేధిస్తే ప్రజలు మరొక రకం ముక్కలను కల్పించుకొన్నారు. ఈ క్రమంలో అంకెలకు బదులు పూలబొమ్మలు గల ‘హనాఫుదా’ ముక్కలు వాడుకలోకి వచ్చాయి. ‘హనా’ అంటే పువ్వు. ఒక కట్టలో 48 ముక్కలుంటాయి. ఏడాదిలోని పన్నెండు నెలలకు నెలకు నాలుగు చొప్పున వీటిని కేటాయించారు. జనవరికి దేవదారు జాతి వృక్షం, మార్చికి చెర్రీ పూలు, నవంబరుకు నీరువంజి చెట్టు గుర్తులు. ఆ కట్టను చేత పట్టుకొంటే ఋతుచక్రాన్ని చేత పట్టుకొన్నట్లే.

పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో ప్రభుత్వం ఈ నిషేధాన్ని సడలించింది. ఆ అవకాశాన్ని అందిపుచ్చుకొని 1889 సెప్టెంబరు 23న క్యోటో నగరంలో ఫుసాజిరో యమౌచి అనే వ్యాపారి ఒక చిన్న దుకాణం ప్రారంభించాడు. మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన కాగితాన్ని పొరలు పొరలుగా అతికించి, దానిపై బొమ్మలు అద్ది, చేతితోనే ముక్కలను తయారు చేసేవారు. పనితనంలోని నాణ్యత వల్ల అనతికాలంలోనే వాటికి గిరాకీ పెరిగింది. నింటెండో అనే పేరుకు పునాది ఆ దుకాణంలోనే పడింది.

1949లో సంస్థాపకుని మునిమనుమడు హిరోషి యమౌచి సంస్థ అధిపతి అయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరాలు. తాతగారు జబ్బుపడటంతో విశ్వవిద్యాలయ చదువును మధ్యలోనే వదలి ఆ బాధ్యతను స్వీకరించాడు. 1953లో ప్లాస్టిక్ పేకముక్కలను, 1959లో డిస్నీ బొమ్మలతో కూడిన ముక్కలను విపణిలోకి తెచ్చాడు. జూదగాళ్ల వస్తువుగా పేరుపడిన పేకముక్కలు దీనితో పిల్లలున్న ఇళ్లలోకి కూడా ప్రవేశించాయి.

అంతకు కొద్దికాలం ముందు, 1956లో, యమౌచి అమెరికా వెళ్లాడు. అక్కడ ప్రపంచంలోనే పెద్దదిగా పేరొందిన పేకముక్కల సంస్థను సందర్శించాడు. దాని కార్యాలయం చాలా చిన్నదిగా ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు. ఈ వ్యాపారంలో ఎంత ఎదిగినా ఇంతేనా అన్న ఆలోచన ఆయనలో మొలకెత్తింది. 1963లో సంస్థ పేరు నుండి ‘పేకముక్కలు’ అనే మాటను తొలగించాడు. తక్షణం వండుకొనే అన్నం వంటి, తమకు అనుభవం లేని వ్యాపారాలలో చేయిపెట్టాడు. అవి కలిసిరాలేదు. మరోవైపు పేకముక్కల అమ్మకాలూ తగ్గిపోయాయి. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లయింది సంస్థ పరిస్థితి.

ఆ సమయంలో సంస్థను ఆదుకొన్నవాడు గుంపే యొకోయ్. 1965లో పేకముక్కల కర్మాగారంలోని యంత్రాల మరమ్మతు చూసేందుకు చేరిన ఉద్యోగి ఆయన. తీరిక వేళల్లో సరదాకోసం కత్తెర మడతల వంటి పట్టీలతో ఒక సాధనం చేసుకొన్నాడు. పిడులను దగ్గరకు నొక్కితే అది ముందుకు సాగి దూరపు వస్తువును పట్టుకొంటుంది. యమౌచి కంట అది పడింది. పనివేళలో ఆటలేమిటని కోప్పడటానికి బదులు, దానిని బొమ్మగా తయారుచేయమని ఆయన ఆదేశించాడు. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ అనే పేరుతో వెలువడిన ఆ బొమ్మలు పది లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ఉద్యోగిలోని సృజనను గుర్తించిన ఆ ఒక్క క్షణం సంస్థ దిశను మార్చివేసింది.

అయితే కష్టాలు అంతటితో తీరలేదు. 1973లో కాంతి తుపాకులతో గురిచూసి కాల్చే ఆటశాలలను సంస్థ నెలకొల్పింది. అదే ఏడాది చమురు సంక్షోభం తలెత్తింది. వచ్చిన గిరాకీలు రద్దయ్యాయి. సంస్థ అప్పులపాలైంది. 1977లో టి.వి.కి తగిలించి ఆడే యంత్రాలతో అది మెల్లగా తేరుకోవడం మొదలుపెట్టింది.

రైలుప్రయాణంలో విసుగుచెందిన ఒక ఉద్యోగి కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కాలక్షేపం చేయడం యొకోయ్ చూశాడు. జేబులో పట్టే ఆటయంత్రం ఉంటే బాగుంటుందని ఆయనకు తోచింది. అప్పటికే కాలిక్యులేటర్ల తయారీదారుల మధ్య పోటీ పెరిగి వాటి చిప్‌లు, ఎల్.సి.డి. తెరలు చౌకగా దొరుకుతున్నాయి. వాటితోనే 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ రూపొందింది. సరికొత్త పరిజ్ఞానం వెంట పరుగెత్తకుండా, పరిణతి పొంది చౌకైన పరిజ్ఞానానికి ఎవరూ ఊహించని ప్రయోజనాన్ని కనిపెట్టడం యొకోయ్ సిద్ధాంతం. ‘పాత ఒక రోత, కొత్త ఒక వింత’ అంటుంది లోకం. పాతలోనే వింతను చూడగలగడం యొకోయ్ ప్రతిభ.

1981లో సంస్థకు మరొక చిక్కు ఎదురైంది. అమెరికాకు పంపిన మూడు వేల ఆటయంత్రాలలో సుమారు రెండు వేలు అమ్ముడుపోలేదు. వాటిలో వేరొక ఆటను అమర్చి అమ్మాలని నిశ్చయించి, ఆ పనిని షిగేరు మియమోటో అనే యువ చిత్రకారునికి అప్పగించారు. అతడు కల్పించిన ఆట ‘డాంకీ కాంగ్’. వానరం ఎత్తుకుపోయిన యువతిని ఒక వడ్రంగి రక్షించడం అందులోని కథ. అప్పటి తెరపై కొద్దిపాటి చుక్కలతోనే మనిషిని గీయవలసి వచ్చేది. నోరు గీయడానికి చోటు లేక మీసం పెట్టారు. జుట్టు గీయడం కష్టమై టోపీ తొడిగారు. చేతుల కదలిక స్పష్టంగా కనిపించడానికి రెండు రంగుల దుస్తులు వేశారు. ఆ వడ్రంగే తరువాత ‘మారియో’గా ప్రసిద్ధి పొందాడు. పరిమితులే రూపాన్ని దిద్దిన పాత్ర అది.

1983 జులై 15న ‘ఫామికామ్’ అనే గృహ ఆటయంత్రం 14,800 యెన్‌ల ధరకు జపాన్‌లో విడుదలైంది. తొలి యంత్రాలలో లోపం బయటపడగా వాటిని వెనక్కు రప్పించి సరిచేశారు. ఆ తరువాత అమ్మకాలు వేగం పుంజుకొన్నాయి. ఇంట గెలిచిన సంస్థకు ఇక రచ్చ గెలవవలసి ఉంది. కాని ఆ ఏడాదే అమెరికాలో వీడియో ఆటల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకపు ఆటలు వెల్లువెత్తి కొనుగోలుదారులు విసిగిపోయారు. దుకాణదారులు వీడియో ఆటల పేరెత్తితేనే ముఖం తిప్పుకొనేవారు.

అందుచేత 1985లో నింటెండో తన యంత్రాన్ని వీడియో క్యాసెట్ యంత్రాన్ని పోలిన ఆకారంలో, ఒక బొమ్మ రోబోతో జతచేసి న్యూయార్క్‌లో అమ్మింది. అనుమతి లేని కాట్రిడ్జ్‌లు పనిచేయకుండా అందులో ఒక తాళపు చిప్‌ను అమర్చింది. ఒక్కొక్క ప్రచురణ సంస్థ ఏడాదికి విడుదల చేసే ఆటల సంఖ్యకు కూడా పరిమితి పెట్టింది. దీనివల్ల నాణ్యత నిలబడింది. అయితే వ్యాపారమంతా నింటెండో గుప్పిట్లోకి పోయిందని ఇతర సంస్థలు ఆక్షేపించాయి. ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు.

1985లోనే వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ నాలుగు కోట్లకు పైగా అమ్ముడైంది. ఆట మొదట్లోనే ఒక చిన్న జీవి ఎదురుగా నడచి వస్తుంది. తగిలితే ఓటమి, దూకితే విజయం. ఏ సూచనా చదవకుండానే ఆడేవాడు ఆటను నేర్చుకొంటాడు. ఉత్తమ బోధనకు ఇది చక్కని ఉదాహరణ. 1986లో మియమోటో ‘జెల్డా’ ఆటను రూపొందించాడు. పల్లెటూరి బాల్యంలో కొండలు, గుహలు వెదకుతూ తిరిగిన అనుభవం దానికి ప్రేరణ.

1989లో యొకోయ్ బృందం ‘గేమ్ బాయ్’ని తెచ్చింది. పోటీ సంస్థలు రంగుల తెరలు చూపుతుండగా దీని తెరకు రంగులే లేవు. కాని ధర తక్కువ, బ్యాటరీలు ఎక్కువసేపు వచ్చేవి. దీని తరువాత వచ్చిన రంగుల రూపంతో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అదే యొకోయ్ 1995లో చేసిన ‘వర్చువల్ బాయ్’ ఎర్రగీతల తెరతో కళ్లకు శ్రమ కలిగించి, ఏడాది తిరగకముందే కనుమరుగైంది. 1996లో ఆయన సంస్థను విడిచాడు. మరుసటి ఏడాది రోడ్డు ప్రమాదంలో మరణించాడు.

ఓడలు బండ్లు, బండ్లు ఓడలు కావడం వ్యాపారంలో సహజం. సి.డి. యంత్రం కోసం సోనీతో కుదిరిన పొత్తును 1991లో నింటెండో తెంచుకొన్నది. సోనీ 1994లో సొంతంగా ‘ప్లేస్టేషన్’ను విడుదల చేసి బలమైన ప్రత్యర్థిగా ఎదిగింది. 2001లో నింటెండో తెచ్చిన ‘గేమ్‌క్యూబ్’ సుమారు 2 కోట్ల 17 లక్షలు అమ్ముడు కాగా, సోనీ రెండవ ప్లేస్టేషన్ 15 కోట్లు దాటింది.

2002లో హిరోషి యమౌచి పదవీ విరమణ చేసి సతోరు ఇవాటాను తన వారసునిగా ఎంచుకొన్నాడు. యమౌచి కుటుంబానికి చెందని తొలి అధిపతి ఇవాటా. స్వయంగా ప్రోగ్రాములు రాయగల నిపుణుడు. అప్పులలో మునిగిన ఒక చిన్న ఆటల సంస్థను అంతకుముందే గట్టెక్కించిన అనుభవశాలి. ప్రత్యర్థులు యంత్రశక్తిని పెంచుతుంటే, ఆయన అసలు ఆటలే ఆడనివారి గురించి ఆలోచించాడు. 2004లో తాకుడు తెర గల ‘డి.ఎస్.’, 2006లో చేతి కదలికతో ఆడే ‘వీ’ వెలువడ్డాయి. తాతలూ మనుమలూ కలిసి ఆడదగిన యంత్రాలు ఇవి. మొదటిది 15 కోట్లు, రెండవది 10 కోట్లు దాటి అమ్ముడయ్యాయి.

2012లో వచ్చిన ‘వీ యూ’ మాత్రం తీవ్రంగా విఫలమైంది. సంస్థ నష్టాల్లో పడింది. ఉద్యోగులను తగ్గించాలనే ఒత్తిడి వచ్చింది. ఉద్యోగం పోతుందనే భయంతో పనిచేసేవారు ప్రజల హృదయాలను కదిలించే ఆటలను సృష్టించలేరని ఇవాటా అభిప్రాయపడ్డాడు. 2014లో కొన్ని నెలలపాటు తన జీతాన్నే సగానికి తగ్గించుకొన్నాడు. 2015 జులైలో, 55 ఏళ్ల వయస్సులో, అనారోగ్యంతో ఆయన కన్నుమూశాడు. ఆయన హయాంలో పని మొదలైన ‘స్విచ్’ 2017 మార్చిలో విడుదలైంది. ఇంట్లో టి.వి.పైనా, బయట చేతిలోనూ ఆడగల ఈ యంత్రం 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఆ విజయాన్ని చూసే భాగ్యం మాత్రం ఆయనకు దక్కలేదు. ‘స్విచ్ 2’ 2025 జూన్‌లో విడుదలైంది.

పూర్వం పేకముక్కలు తయారైన ఉజి పట్టణపు కర్మాగారాన్ని సంస్థ ప్రదర్శనశాలగా మార్చి 2024 అక్టోబరులో ప్రారంభించింది. అక్కడ సందర్శకులు హనాఫుదా ముక్కలను స్వయంగా తయారుచేయవచ్చు. యంత్రాలు ఎన్ని మారినా నింటెండో ఆ పూలముక్కలను నేటికీ అమ్ముతూనే ఉంది. ఆనందం కలిగించడమే తన వృత్తి అని మరువక, ఓటమి నుండి నేర్చుకొని, పనిచేసే మనిషిని నమ్మినప్పుడే ఆ సంస్థ ముందడుగు వేసింది. ఏ రంగంలో అడుగుపెట్టబోయే యువతకైనా ఈ చరిత్ర మననం చేసుకోదగినది.

కఠిన పదాలు – అర్థాలు

మనుగడ = జీవనం, బ్రతుకు
అనతికాలం = కొద్దికాలం
గిరాకీ = కొనేవారి కోరిక
విపణి = అంగడి, బజారు
పరిణతి = పరిపక్వత
సృజన = కొత్తదానిని కల్పించే శక్తి
ఆక్షేపించు = తప్పుపట్టు
హయాం = అధికారకాలం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నింటెండో సంస్థకు ఎదురైన అపజయాలను, వాటి నుండి కోలుకొన్న విధానాన్ని వివరించండి.
2. గుంపే యొకోయ్, సతోరు ఇవాటాల ఆలోచనా విధానాలను పోల్చి రాయండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. హనాఫుదా ముక్కల విశిష్టతను తెలుపండి.
2. పరిమితులు మారియో రూపాన్ని ఎట్లా దిద్దాయి?
3. నింటెండోపై ఇతర సంస్థల ఆక్షేపణ ఏమిటి? అది సమంజసమేనా?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నింటెండోకు పునాది వేసినవారు ఎవరు?
2. ‘అల్ట్రా హ్యాండ్’ ఏ సంవత్సరంలో వెలువడింది?
3. సంస్థ ప్రదర్శనశాల ఏ పట్టణంలో ఉంది?