మురుగుగట్టు మీద పిట్టలు

చి. సుధకు,

చేతికి బైనాక్యులర్స్ రాగానే మనవైపు ఎవరైనా ముందు అడిగేది కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాక దారి. ఆ గూడబాతులూ, కోరింగ మడ అడవులూ చూడవలసినవే, కాదనను. అయితే పిట్టల సంగతి పట్టుబడాలంటే ఒకే నీటిని వారం వారం చూడాలి. రాజమండ్రిలో ఉంటూ ఏటికి రెండుసార్లు కొల్లేరు వెళ్లి వచ్చినంత మాత్రాన అది కుదరదు. అందుకని హుకుంపేటలోని మురుగు శుద్ధి కేంద్రాన్ని ఎంచుకోమంటాను. ముఖం చిట్లించకు తల్లీ, కారణం చెబుతాను.

మురుగు నీటిలో కలిసిన మలినంలో ఎక్కువ భాగం మన వంటిళ్ల నుంచీ మరుగుదొడ్ల నుంచీ పోయిన తిండే. సూక్ష్మజీవులు దాన్ని అరిగించుకుంటూ నీటిలోని ప్రాణవాయువును వాడేస్తాయి. తిండి మెండుగా, ప్రాణవాయువు కొరతగా ఉన్న నీటిలో చాలా చేపలు బతకలేవు. దోమను పోలిన చిన్న ఈగల పిల్లపురుగులు మాత్రం ఆ బురదలో ఎర్రగా, కుప్పలుగా పెరుగుతాయి. పొడుగు ఎర్రకాళ్ల మీద నడిచే నలుపు తెలుపు పిట్టలూ, ఉల్లంకిపిట్టలూ, తోకాడించే పిట్టలూ ఇలాంటి నీటికి చేరేది ఆ పురుగుల కోసమే. నీరు తేరుకుంటూ వచ్చి అందులో చేప నిలిచిందంటే బుడుబుంగ మునుగుతుంది, లకుముకి గట్టు మీద కాపలా కూర్చుంటుంది, నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటుంది. కాబట్టి మురుగు వచ్చే వైపు నుంచి శుద్ధి అయి పోయే వైపుకి నడుస్తూ ఏ చోట ఏ జాతి కనిపించిందో రాసుకో. మొత్తం ఎన్ని పిట్టలన్న లెక్క కంటే ఈ వరుస చాలా ఎక్కువ చెబుతుంది. గాలి ఊదే యంత్రాలు గిరగిర తిరిగే తొట్ల దగ్గర మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకు. లోతు లేని చెరువులు, బురద అంచులు, బయటికి పోయే కాలవ, ఇవి చూడు.

మురుగు దగ్గర పిట్టలు చూడడం వింత సరదా కాదు. మెల్‌బోర్న్ పక్కన వెరిబీలో పంతొమ్మిదో శతాబ్దం చివర మొదలైన మురుగు క్షేత్రం 1982లోనే రామ్‌సర్ అనే అంతర్జాతీయ తడినేలల ఒప్పందం కింద గుర్తింపు పొందిన తడినేలల్లో భాగమైంది. అక్కడికి వెళ్లేవాళ్లు ముందుగా అనుమతి తీసుకుంటారు. సైబీరియాలో గుడ్లు పెట్టి చలికాలానికి కోరింగ తీరానికి దిగే వంపుముక్కు ఉల్లంకి జాతే అక్కడికీ వెళుతుంది. మన దేశంలో చూస్తే, కలకత్తా మురుగుతో చేపలు పెంచే తూర్పు కలకత్తా తడినేలలకు 2002 ఆగస్టు 19న రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. కొల్లేరుకు వచ్చిందీ ఆ రోజే. కొల్లేరు ప్రకృతి, మురుగు చెరువు మనిషి పని అని గీత గీసేవాళ్లు ఒక సంగతి మరుస్తారు: విజయవాడ, ఏలూరు, గుడివాడల మురుగు కాలవల మీదుగా చేరేది ఆ కొల్లేటికే.

ఇక పిట్టలు ఇష్టంగా వస్తున్నప్పుడు శుద్ధికి అంత ఖర్చెందుకని అడిగేవాళ్లుంటారు. ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టెయ్యకూడదు. వెరిబీలో సముద్రంలోకి పోయే నత్రజనిని తగ్గించడానికి శుద్ధి మెరుగుపరచినప్పుడు, పిట్టల మేత తగ్గుతుందేమోనన్న బెంగ నిజంగానే వచ్చింది. నీరు బాగుపడితే పురుగు తినే పిట్టలు పలచబడవచ్చు. అది నష్టమే, కానీ ఒప్పుకోవలసిన నష్టం. రాజమండ్రి నల్లా చానల్ మురుగు గోదాట్లో కలవడం గురించి ఊళ్లో వినని మనిషి లేడు. ఆ నది నీళ్లు తాగే ఊళ్లు దిగువన ఎన్నో ఉన్నాయి. పైగా పిట్ట ఇచ్చే సాక్ష్యానికి హద్దుంది. మహానగరాలు కాని మనలాంటి ఊళ్లలో శుద్ధి చేసి వదిలే నీటికి కేంద్ర ప్రభుత్వం 2017లో లీటరుకు 30 మిల్లీగ్రాముల బీఓడీని (సూక్ష్మజీవులు వాడుకునే ప్రాణవాయువు కొలతను) హద్దుగా పెట్టింది, మలం నుంచి వచ్చే సూక్ష్మజీవులకూ పరిమితి పెట్టింది. అవి ప్రయోగశాల తేల్చాల్సిన లెక్కలు. లకుముకి వాలిందని ఆ నీళ్లు పుక్కిలించే ధైర్యం నాకైతే లేదు.

రోగభయం మాటకొస్తే, అది మీ అమ్మ అడగబోయే మొదటి ప్రశ్న. న్యాయమైనదే. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారం కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అందుకని చచ్చిన పిట్ట కనిపిస్తే ముట్టుకోవద్దు, పశుసంవర్ధక శాఖ వాళ్లకు చెప్పు. కాళ్లకు బూట్లు ఉండాలి. అక్కడ తినొద్దు, తాగొద్దు. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కో. ఒంటరిగా వెళ్లకు. తొట్లకు కంచె ఎందుకు వేశారో లోపలికి పడినవాడికి తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమవుతుంది. మురుగు పని చేసే కూలీలకు ఈ జాగ్రత్తలన్నీ అమరుతున్నాయా లేదా అన్నది కూడా నీ కంట పడుతుంది. దాన్నీ పుస్తకంలో రాయి.

అనుమతి కోసం మున్సిపల్ కమిషనర్‌కి తెలుగులోనే ఒక పేజీ అర్జీ పెట్టు. మీ జువాలజీ మేష్టారి సంతకం ఉంటే పని త్వరగా అవుతుంది. వలస పిట్టలు దిగే నవంబరులోపు మొదలుపెట్టు. 2027 గోదావరి పుష్కరాలకు రేవులన్నీ జనంతో నిండేలోగా శీతాకాలపు లెక్క ఒకటైనా నీ దగ్గర ఉండాలి.

ఇట్లు,
మావయ్య