పంది మాంసం: తూకంతో పాటు వంశమూ చూడాలి

విశాఖపట్నం: పంది మాంసం వ్యాపారంలో ధర సాధారణంగా తూకాన్ని బట్టి పలుకుతుంది. అందువలన పెంపకందారులు త్వరగా బరువెక్కే తెల్ల సీమ పంది వైపు మొగ్గడం సహజం. అయితే మాంసం నాణ్యం కొంతవరకు వంశపారంపర్యంగా వచ్చేదే. దీనిని విస్మరించి సంకరం చేస్తే నష్టపోక తప్పదు.

2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా ఏర్పడిన విశాఖ మన్యంలో గిరిజనులు పెంచే నల్ల నాటు పంది నెమ్మదిగా ఎదుగుతుంది. కాని ఎండను, అరకొర మేతను తట్టుకుంటుంది. ఇంగ్లండుకు చెందిన లార్జ్ వైట్ యార్క్‌షైర్ మంచి మేత ఉంటేనే రాణిస్తుంది. తిరుపతిలోని వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం రూపొందించిన టి-17 రకంలో యార్క్‌షైర్ పాలు 75 శాతం, నాటు పాలు 25 శాతం.

ఇక్కడ లెక్క ముఖ్యం. నాటు ఆడపందిని యార్క్‌షైర్ పోతుతో దాటిస్తే పిల్లలలో నాటు పాలు 50 శాతం. ఆ ఆడపిల్లలను మళ్లీ యార్క్‌షైర్‌తోనే దాటిస్తూ పోతే అది 25కు, ఆపై 12.5కు, తరువాత 6.25 శాతానికి దిగుతుంది. ఊరిలో నాటు పోతు ఒక్కటీ మిగలకపోతే పోయిన గుణాన్ని తిరిగి తెచ్చుకునే దారి ఉండదు.

అన్ని గుణాలూ ఒకే తీరున సంక్రమించవు. వీపు కొవ్వు మందంలోని తేడాలలో సుమారు 40 నుండి 50 శాతం వంశానివి. ఈతకు పుట్టే పిల్లల సంఖ్యలో సుమారు 10 శాతమే. కనుక కొవ్వును పోతు ఎంపికతో సరిదిద్దవచ్చు. పిల్లల సంఖ్యకు మేపు, సంరక్షణ, సంకరం అవసరం.

సీమ జాతులలో దాగిన చిక్కు మరొకటి ఉంది. బెదురుకు తట్టుకోలేని పందులలోని జన్యులోపాన్ని శాస్త్రజ్ఞులు 1991లో గుర్తించారు. ఇది పీట్రేన్ జాతిలో ఎక్కువ, లాండ్‌రేస్‌లో కొంత. తల్లి నుండి, తండ్రి నుండి ఈ లోపం సంక్రమించిన పంది, బెదిరిన స్థితిలో కోతకు వస్తే కండరంలో ఆమ్లం వేగంగా పెరుగుతుంది. మాంసం పాలిపోయి, మెత్తబడి, నీరు కారుస్తుంది. ఆ నీరంతా దుకాణదారుకు తరుగే.

లోపం లేని పంది అయినా కాళ్లు కట్టి, ఎండలో వ్యానులో కుక్కి తెస్తే ఫలితం కొంత ఇలాగే ఉంటుంది. చల్లని వేళ తరలించి, నీరు పెట్టి, కోతకు ముందు విశ్రాంతినివ్వడం లాభదాయకం. పోతును కొనేవారు బరువుతో పాటు దాని తల్లిదండ్రుల వివరాలూ అడిగి తెలుసుకోవాలి. ప్రతి పల్లెలోనూ కొన్ని మేలైన నాటు పోతులను విడిగా నిలుపుకోవడం శ్రేయస్కరం.