ఈస్టుకణము చేర్చు చక్కెరలు

మన సత్రపట్టి మగ్గములపై నేసిన కట్టుగుడ్డ ఆసుపత్రులకు పోవుచున్నది. మగ్గము దిగిన కోరాగుడ్డ నీటిని సరిగా పీల్చదు. నూలునందలి మైనము అడ్డుపడును. దానిని ఉడికించి చలువచేసిన పిమ్మటనే అది గాయమునకు పనికివచ్చును. నేత ముగిసిన తరువాత జరుగు పని కూడ గుడ్డ గుణమును నిర్ణయించును. మన శరీరమందలి మాంసకృత్తుల విషయమును ఇట్టిదేయని ఈ వ్యాసమున తెలుపదలచితిమి.

మాంసకృత్తు అనగా ఎమినో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన గొలుసు. ఏ పూస వెనుక ఏ పూస రావలెనో జన్యువు నిర్ణయించును. మానవ జన్యువును ఈస్టుకణములో ప్రవేశపెట్టినచో, ఆ కణము మానవ మాంసకృత్తును తయారుచేయును. కల్లును పులియజేయునదియు, రొట్టెను పొంగించునదియు ఈ ఈస్టు జాతియే. అది త్వరగా పెరుగును. దాని పెంపకమునకు వ్యయము స్వల్పము. కనుకనే మందుల తయారీకి దానిని ఎన్నుకొనిరి.

అయితే పెక్కు మాంసకృత్తులకు పూసల గొలుసుపై చక్కెర కొమ్మలు కూడ ఉండును. ఇవి మనము కాఫీలో వేసికొను చక్కెర కాదు. మానోస్, గెలాక్టోస్ మొదలగునవి. ఆస్పరాజిన్ అను పూస, దాని వెంట ప్రోలిన్ కాని మరియొక పూస, ఆపైన సెరిన్ గాని థ్రియోనిన్ గాని వచ్చిన తావులలో కణము 14 చక్కెరలుగల కొమ్మను అతికింపగలదు. ఇంతవరకు రొట్టె ఈస్టుకును మనుష్యునకును పద్ధతి ఒక్కటే.

దారులు చీలునది ఆ తరువాతనే. మానవకణము కొమ్మలోని మానోసులను పెక్కింటిని కత్తిరించి, వేరు చక్కెరలను చేర్చి, అనేక కొమ్మల కొనలను సియాలిక్ ఆమ్లముతో ముగించును. ఈస్టు అట్లు చేయక, మానోసుపై మానోసును పేర్చుచు పోవును. రొట్టె ఈస్టు ఒక్కొక్క కొమ్మకు నూరింటికి మించి కూడ చేర్చగలదు. పికియా పాస్టోరిస్ అను మరియొక ఈస్టు సాధారణముగా అంత దీర్ఘమైన కొమ్మలను చేయదు.

ఈ భేదము రోగికి ముఖ్యమైనది. మానోసు కొనలుగల మాంసకృత్తును మన శరీరమందలి కొన్ని కణములు పట్టి, రక్తమునుండి శీఘ్రముగా తొలగించును. మూత్రపిండములు చెడినవారికి రక్తకణముల వృద్ధికై ఇచ్చు ఎరిథ్రోపొయిటిన్‌కు సియాలిక్ ఆమ్లము లేనిచో అది రక్తములో నిలువదు. అందుచేత దానిని చైనా హామ్‌స్టర్ అను ఎలుకజాతి జంతువు కణములలో తయారుచేయుచున్నారు. ఇన్సులిన్‌కు చక్కెర కొమ్మయే లేదు. కావున ఈస్టు దానిని చక్కగా చేయగలదు.

మన తెలుగునాట జరిగిన ఉదాహరణ మొకటి కలదు. 1993లో శ్రీ కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించిరి. విదేశములనుండి వచ్చు హెపటైటిస్-బి టీకా ఆనాడు సామాన్యునకు అందని వెలలో నుండెను. ఆ సంస్థ పికియా ఈస్టుచేత టీకాను చేయించి, 1997లో షాన్‌వాక్-బి అను పేర విడుదల చేసెను, వెల తగ్గెను. ఆ టీకాయందలి మాంసకృత్తు మనుష్యునిది కాదు, వైరసు పైపొరది. మానవకణములో దానికి కొంతవరకు చక్కెర చేరును, ఈస్టులో చేరదు. అయినను శరీరము దానిని గుర్తించి రక్షణ కల్పించుకొనును. ఇచట చక్కెర లేమి లోపము కాలేదు.

ఈస్టుకు మానవరీతిని నేర్పు ప్రయత్నమును ఫలించినది. 2006లో అమెరికా శాస్త్రజ్ఞులు పికియాలో 4 జన్యువులను తొలగించి, ఇతర జీవుల జన్యువులు 14 చేర్చి, సియాలిక్ ఆమ్లముతో ముగియు కొమ్మలను చేయించిరి.

కావున మందును ఏ కణముచేత చేయింపవలెనన్న ప్రశ్నకు ముందు, ఆ మందు పనికి చక్కెర అవసరమా యని విచారింపవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. హెపటైటిస్-బి తల్లినుండి బిడ్డకు ప్రసవ సమయమున సోకవచ్చును. ఇంట శిశువు జన్మించినచో, 24 గంటలలోపల తొలి టీకా పడినదో లేదో విచారింపుడు. ప్రభుత్వాసుపత్రులలో ఇది ఉచితము.

విద్యార్థులకు ప్రశ్నలు:

1. మానవకణమును ఈస్టుకణమును చక్కెర కొమ్మలను ముగించు విధములందు భేదమేమి?

2. ఇన్సులిన్‌ను ఈస్టు చేయగలుగుటకును, సాధారణ ఈస్టు చేసిన ఎరిథ్రోపొయిటిన్ పనికిరాకుండుటకును కారణమేమి?