గొప్ప బౌలర్ ఎదుట

గగన్‌పహాడ్



అల్లుడూ, నీ మెసేజ్ చదివాను. చిన్న జట్ల మీద సెంచరీలు కొడుతున్నావు, లీగ్‌లో పేరున్న ఫాస్ట్ బౌలర్ ఎదురైతే మాత్రం ఇరవై దాటడం లేదు. "నా స్థాయి ఇంతేనేమో మామయ్యా" అని చివర్లో రాశావు. ఆ మాటకు ఫోన్‌లో జవాబు చెబితే ఓదార్పులాగే ఉంటుంది. నీకిప్పుడు కావలసింది ఓదార్పు కాదు, అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. గొప్ప బౌలర్ ముందు ఎంత గొప్ప బ్యాట్స్‌మన్‌కైనా పరుగులు తగ్గుతాయి. బ్రాడ్‌మన్ టెస్టు సగటు 99.94 అని నీకు తెలుసు. 1932-33లో ఇంగ్లండ్ జట్టు ఆయన కోసమే బాడీలైన్ వ్యూహం పన్ని, లార్‌వుడ్ చేత ఒంటి మీదికి బంతులు వేయించినప్పుడు ఆ సిరీస్‌లో ఆయన సగటు 56.57. దాదాపు సగానికి పడింది. కానీ ఆ 56 వేరే ఎవరికైనా వస్తే వాళ్లను గొప్ప బ్యాట్స్‌మన్ అనే అంటాం. కాబట్టి నీ పరుగులు తగ్గాయా లేదా అని చూసుకోకు. ఎంత తగ్గాయి, ఎందుకు తగ్గాయి అని చూడు. చిన్న బౌలర్ మీద కొట్టిన వంద నిన్ను సంతోషపెడుతుంది. నీ గురించి నిజం చెప్పేది మాత్రం పెద్ద బౌలర్ మీద చేసిన ఆ పద్దెనిమిదే.

ఇక ఎందుకు తగ్గుతాయన్నది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి చేయి వదిలాక దాదాపు అర సెకనులో నీ దగ్గరుంటుంది. ఆ అర సెకనులో చివరి 0.2 సెకన్లు నీవి కావు. బంతి దారి అప్పుడు మారితే ఎంతటి మొనగాడైనా బ్యాట్‌ను సరిచేసుకోలేడని మెక్‌లాయిడ్ అనే శాస్త్రవేత్త 1987లోనే చూపించాడు. అంటే నిర్ణయమంతా ముందే జరిగిపోవాలి. 2000లో ఆయనే మైకేల్ ల్యాండ్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి బ్యాట్స్‌మన్ల కళ్ల కదలికలను కొలిచాడు. మనకు చిన్నప్పటి నుంచీ "బాల్ మీంచి కన్ను తీయకు" అని చెబుతారు కదా, నిజానికి ఎవరూ అలా చూడరట. చేతి నుంచి బంతి బయటికి వచ్చేటప్పుడు చూస్తారు, తర్వాత చూపు బంతిని వదిలేసి అది ఎక్కడ పడబోతోందో అక్కడికి ముందే దూకుతుంది. మంచి ఆటగాడి చూపు ఆ చోటికి తక్కినవాళ్ల కంటే ముందే చేరుకుంటుంది. అతని కళ్లలో ప్రత్యేకమైన శక్తేమీ లేదు. చేయి చెప్పే కబురును త్వరగా చదవడం తెలుసు, అంతే.

మన బెంగళూరు హైవే దాటడం నీకు అలవాటే. లారీ దగ్గరికి వచ్చాక దాని చక్రాలు చూసి అడుగు వేస్తావా? అంత దూరంలో ఉండగానే అది బరువుతో ఉందా, ఖాళీగా ఉందా, డ్రైవర్ జోరు మీదున్నాడా అని పసిగట్టి, దాటాలో ఆగాలో తేల్చుకుంటావు. బౌలర్‌ను కూడా అంత దూరంలోనే చదవాలి. పరుగు ఎలా మొదలైంది, ముందు కాలు ఎక్కడ పడింది, మణికట్టు బంతి వెనక ఉందా పక్కకు తిరిగిందా, సీమ్ నిలువుగా కనిపించిందా లేదా, ఇవన్నీ బంతి ఇంకా అతని చేతిలో ఉండగానే నీకు అందే సమాచారం.

ఈ మాట నమ్మకపోతే బేస్‌బాల్ నుంచి ఒక ముచ్చట చెబుతాను. ఆల్బర్ట్ పుహోల్స్ అమెరికాలో పేరుమోసిన హిట్టర్. 2004లో ఒక సరదా మ్యాచ్‌లో జెనీ ఫించ్ అనే సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి ఆయనకు బంతులు విసిరింది. సాఫ్ట్‌బాల్‌లో బంతిని భుజం పైనుంచి కాకుండా కింది నుంచి విసురుతారు. అది చేరడానికి పట్టే సమయం ఆయన రోజూ ఎదుర్కొనే బంతులకు దరిదాపుల్లోనే ఉంటుంది, పైగా బంతి పెద్దది. అయినా బ్యాట్‌కు తగల్లేదు, స్ట్రైక్ అవుట్ అయ్యాడు. మెరుపు చురుకుతనమే అసలు రహస్యమైతే ఆయన కొట్టగలగాలి కదా? ఏళ్ల తరబడి పై నుంచి విసిరే చేతులను చదివిన కళ్లకు ఆ చేయి కొత్త లిపి. నీ కష్టం కూడా ఇదే. నువ్వు 120 వేగపు చేతులనే చదివావు. 140 చేతిని చదవడం ఇంకా నేర్వలేదు. అది నేర్చుకుంటే వచ్చే విద్య.

ఇప్పుడు మన వీవీఎస్ లక్ష్మణ్ దగ్గరికి వస్తాను. మన హైదరాబాద్ బ్యాటింగ్ అనగానే అందరూ మణికట్టు గురించి మాట్లాడతారు. అజహర్‌కు ఉంది, లక్ష్మణ్‌కు ఉంది, ఇక్కడి నీళ్లలోనే ఏదో ఉందంటారు. నేనది ఒప్పుకోను. మణికట్టు చివర్లో వచ్చే సొగసు. దానికి ముందు జరిగిన పనిని చూడాలి.

2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది ఆస్ట్రేలియా. వాళ్లు 445 చేస్తే మనం 171కే ఆలౌట్. ఆరో స్థానంలో దిగిన లక్ష్మణ్ అందులో 59 చేశాడు. ఫాలోఆన్ ఆడమన్నారు. అప్పుడు లక్ష్మణ్‌ను మూడో స్థానానికి తీసుకొచ్చారు. ఎదురుగా మెక్‌గ్రాత్, గిలెస్పీ, కాస్ప్రొవిచ్, వార్న్. కెరీర్ ముగిసేనాటికి మెక్‌గ్రాత్ 563 టెస్టు వికెట్లు, వార్న్ 708 వికెట్లు తీసినవాళ్లు. లక్ష్మణ్ 631 నిమిషాలు ఆడి 452 బంతుల్లో 281 చేశాడు. 44 ఫోర్లు, ఒక్క సిక్సర్ లేదు. నాలుగో రోజంతా ద్రవిడ్‌తో కలిసి వికెట్ పడకుండా ఆడాడు. వాళ్లిద్దరి భాగస్వామ్యం 376. మనం 171 పరుగుల తేడాతో గెలిచాం.

ఆ ఇన్నింగ్స్ వీడియో నువ్వు ఫోర్లు కలిపి కుట్టిన ముక్కల్లోనే చూసి ఉంటావు. దొరికినంత మేర పూర్తిగా చూడు. వార్న్ లెగ్ స్టంప్ బయట, బౌలర్ల అడుగులతో గరుకైన చోట బంతిని వేస్తున్నాడు. అక్కడి నుంచి బంతి స్టంపుల వైపు గట్టిగా తిరుగుతుంది. ఎవరైనా ప్యాడ్ అడ్డం పెట్టి బతుకుతారు. లక్ష్మణ్ క్రీజు దాటి ముందుకు వచ్చి, బంతి తిరగక ముందే అందుకుని, ఒకసారి కవర్స్ మీదుగా, ఇంకోసారి అచ్చం అలాంటి బంతినే మిడ్‌వికెట్ వైపు కొట్టాడు. బౌలర్‌కు ఫీల్డర్‌ను ఎక్కడ పెట్టాలో తెలియని స్థితి అది. ఆ ఇన్నింగ్స్‌లో వార్న్‌కు 152 పరుగులిచ్చి దొరికింది ఒకే వికెట్. ఆ షాట్లలో మణికట్టు కనిపిస్తుంది, నిజమే. అయితే పాదాలు బంతి దగ్గరికి చేరకపోతే ఆ మణికట్టు ఏం చేస్తుంది? వార్న్ చేతి నుంచి బంతి గాల్లోకి లేస్తున్నప్పుడే అది ఎక్కడ పడుతుందో తెలియకపోతే పాదాలైనా ఎలా కదులుతాయి?

ఇంకొకటి కూడా చూడు. 452 బంతుల్లో 44 బంతులకే బౌండరీ. తక్కిన నాలుగు వందల పైచిలుకు బంతులను ఆయన ఆపాడు, వదిలేశాడు, లేదా ఖాళీలోకి నెట్టి ఒకటో రెండో తీశాడు. మెక్‌గ్రాత్ ఆఫ్ స్టంప్ దగ్గర వేసిన మంచి బంతికి ఇచ్చిన మర్యాద వల్లే వార్న్ మీద ఆ సొగసు వచ్చింది. గొప్ప బౌలర్ల మీద ఆడటమంటే వాళ్లందరినీ అన్ని బంతులకూ కొట్టడం కాదు.

లక్ష్మణ్ టెస్టు సగటు 45.97. ఆస్ట్రేలియా మీద 49 దాటింది. మొత్తం 17 సెంచరీల్లో ఆరు వాళ్ల మీదే, రెండు డబుల్ సెంచరీలూ వాళ్ల మీదే. ఇలా తన కాలంలోకెల్లా మేటి జట్టు మీద సగటు పెరగడం చాలా అరుదు. అదే లక్ష్మణ్ 2011-12లో ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టులు కలిపి 155 పరుగులే చేశాడు. మణికట్టు అదే కదా? ఇది ఆయన్ను తగ్గించాలని చెప్పడం లేదు. ఎవరికీ శాశ్వతమైన వరం లేదని, ప్రతి సిరీస్‌కూ పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందేనని నీకు తెలియాలి.

ఆ పని ఎలా ఉంటుందో సచిన్ దగ్గర నేర్చుకో. 1998లో వార్న్ వస్తున్నాడని తెలిసి, చెన్నైలో నెట్స్ పిచ్ మీద లెగ్ స్టంప్ బయట కావాలనే గరుకు చేయించి, మాజీ లెగ్ స్పిన్నర్ లక్ష్మణ్ శివరామకృష్ణన్ చేత అక్కడికి బంతులు వేయించుకున్నాడు. చెన్నై టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో వార్న్ చేతిలోనే 4కు అవుటయ్యాడు. రెండో ఇన్నింగ్స్‌లో 155 నాటౌట్. ఒక్క బౌలర్ కోసం, అతను వేసే ఒక్క రకం బంతి కోసం అంత తయారీ.

బేస్‌బాల్‌లో టోనీ గ్విన్ అనే హిట్టర్‌ది కూడా అదే దారి. 1980ల మొదట్లోనే తన ఆటను టేపుల మీద రికార్డు చేయించుకుని కూర్చుని చూసేవాడు. గ్రెగ్ మాడక్స్ తన కెరీర్‌లో 3,371 సార్లు హిట్టర్లను స్ట్రైక్ అవుట్ చేసిన పిచ్చర్. గ్విన్‌ను ఒక్కసారి కూడా చేయలేకపోయాడు. బేస్‌బాల్‌లో సగటు అంటే కొట్టే అవకాశాల్లో ఎన్నో వంతు హిట్లయ్యాయన్న లెక్క. మాడక్స్ మీద గ్విన్ సగటు .415, గ్విన్ మొత్తం కెరీర్ సగటు .338. మన లక్ష్మణ్ లాగే మేటి వాడి మీదే ఎక్కువ.

వదిలేయడం గురించి విడిగా చెప్పాలి, నీకు లేనిది అదే కాబట్టి. టెడ్ విలియమ్స్ అనే బేస్‌బాల్ దిగ్గజం 1941లో .406 సగటు సాధించాడు. ఆయన తన పుస్తకంలో స్ట్రైక్ జోన్‌ను, అంటే హిట్టర్ ముందు పిచ్చర్ బంతి వేయాల్సిన హద్దును, 77 బంతులు పట్టే గళ్లుగా గీసి, ఏ గడిలోకి వచ్చిన బంతిని కొడితే తన సగటు ఎంతుంటుందో రాశాడు. మధ్యలో .400, బయట కింది మూలకు .230. మూలకు వచ్చిన బంతిని కొట్టకుండా ఓపిక పట్టడమే ఆయన విద్య. నువ్వు కూడా ఒక కాగితం మీద నీ గళ్లు గీసుకో. ఏ లెంగ్త్‌లో ఏ లైన్‌లో అవుటవుతున్నావో గుర్తులు పెట్టు. ఐదో స్టంప్ దగ్గరి గడి నిండిపోతుందని నా అనుమానం.

కాకినాడలో పుట్టి హైదరాబాద్‌లో ఆట నేర్చిన హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీలో 161 బంతులు ఆడి 23 నాటౌట్. తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితి. ఎదురుగా కమిన్స్, స్టార్క్, హేజిల్‌వుడ్, లయన్. అశ్విన్‌తో కలిసి ఆ టెస్టును డ్రాగా నిలిపాడు. స్కోరు పుస్తకంలో 23 అని ఉన్నా, నా లెక్కలో తెలుగు బ్యాట్స్‌మన్ ఆడిన అత్యుత్తమ ఇన్నింగ్స్‌లలో అదొకటి. మెల్‌బోర్న్‌లో 2024 డిసెంబర్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఎనిమిదో స్థానంలో దిగి 114 చేశాడు. ఆయన 99 దగ్గర ఉండగా మన హైదరాబాదీ సిరాజ్ చివరి వికెట్‌కు వచ్చి కమిన్స్ వేసిన 3 బంతులు ఆపాడు. పదకొండో స్థానపు ఆటగాడు ప్రపంచ మేటి బౌలర్ ముందు నిలబడ్డాడంటే, నీ నోట "నా స్థాయి ఇంతే" అన్న మాట ఎలా వస్తుంది?

ఇక నువ్వు చేయాల్సింది. బౌలింగ్ మెషీన్ మీద ఎక్కువ ఆధారపడకు. మెషీన్‌కు చేయి లేదు, చదవడానికేమీ ఉండదు. చేతిలో సైడ్‌ఆర్మ్ (బంతి విసిరే పొడవాటి గరిటె) పట్టుకుని త్రోడౌన్ వేసేవాళ్లు దొరికితే వేగం అలవాటవుతుంది, కానీ దానితోనూ నిజమైన బౌలర్‌ను చదవడం పూర్తిగా రాదు. నెట్స్‌లో కొన్ని బంతులకు బ్యాట్ ఎత్తకుండా నిలబడి, బంతి చేయి వదలగానే "ముందు", "వెనక", "వదిలెయ్" అని పైకే చెప్పు. తర్వాత ఏం వేశావని బౌలర్‌నే అడుగు. మొదట్లో సగం తప్పుతాయి, కంగారుపడకు. మన పారిశ్రామికవాడ షెడ్ల వెనక పిల్లలు సిమెంటు నేల మీద తడి టెన్నిస్ బాల్‌తో దగ్గర నుంచి విసురుకుంటూ ఆడతారు చూడు. సెలవులకు వస్తే వాళ్లతో ఆడు, చిన్నతనమనుకోకు. తడి బంతి జారి దూసుకొస్తుంటే చూపు ముందుకు దూకడం తనంతట తానే వస్తుంది.

మ్యాచ్‌లో మొదటి మూడు ఓవర్లు పరుగుల గురించి మరిచిపో. ఆఫ్ స్టంప్ ఎక్కడుందో తెలుసుకుని, దాని బయటిదంతా వదిలెయ్. అతను అలసి, విసిగి, నీ దగ్గరికి రావాలి. పెద్ద బౌలర్‌కు కూడా రెండో స్పెల్ ఉంటుంది, దానిలో ఒకటో రెండో చెడ్డ బంతులు పడతాయి. ఆ సమయానికి నువ్వు క్రీజులో ఉంటే చాలు. లక్ష్మణ్‌ను క్రికెట్ దారిలో నిలబెట్టింది కూడా ఆయన మేనమామేనని చదివాను. అంత హక్కు నాకూ ఉందనుకుని ఇంత చెప్పాను.

మీ క్లబ్‌లో నిన్ను అందరికంటే ఎక్కువసార్లు అవుట్ చేసే కుర్రాడు ఒకడున్నాడని మీ అమ్మ చెప్పింది. అతనితో నీకు మాటలు లేవట. రేపు నెట్స్‌కు వెళ్లగానే ముందు అతని దగ్గరికి వెళ్లు. సీజన్ మొదలయ్యేదాకా రోజూ కొత్త బంతితో నాకే వెయ్యి అని అడుగు.

మీ మామయ్య