బరువెక్కించాకే లైటు సర్దు

పండరీ, రాయపూర్.

మేనల్లుడా,

సాలూరు షెడ్లో పని బాగా పట్టుబడిందని, కార్బురేటర్ విప్పి బిగించడం, క్లచ్ ప్లేట్లు మార్చడం ఒంటరిగానే చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. దసరా వెళ్ళాక ఇక్కడికి వస్తానన్నావు గనక, ఈలోపు నువ్వు నేర్చుకోవలసిన పని ఒకటి రాస్తున్నాను. హెడ్‌లైట్ సర్దడం. దీనికి ఏ కస్టమరూ విడిగా డబ్బులివ్వడు. అందుకే చాలా షెడ్లలో దీన్ని ఎవరూ ముట్టుకోరు. మన షెడ్లో మాత్రం లైటు చూడకుండా ఏ బండినీ బయటికి పంపను.

ఎందుకో చెబుతాను. పండరీ అంటే బట్టల బజారు. బస్టాండు భాటాగాఁవ్‌కి తరలిపోయినా బజారు ఇక్కడే ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ చిన్న వ్యాపారులు పొద్దున్న ఖాళీ బండి మీద వస్తారు. చీరలు, దుప్పట్లు, బడిపిల్లల యూనిఫాం బట్టలు మూటలు కట్టించుకుని, వెనక సీటు మీద వేసుకుని, చీకటి పడ్డాక మోవా మీదుగా బలౌదాబజార్ దారి పడతారు. కొందరు ధమ్‌తరీ వైపు పోతారు. వానాకాలంలో ఈ రోడ్ల మీద పశువులు పడుకుంటాయి. కింద బురద, పైన పొడిగా ఉన్న తారు. వాటికి తారే నచ్చుతుంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో పశువులు విచ్చలవిడిగా తిరగకుండా 'రోకా-ఛేకా' అని కార్యక్రమం పెట్టింది. చాలాచోట్ల పశువుల మెడలకి రేడియం పట్టీలు కట్టారు. ఆ పట్టీ మెరవాలన్నా ముందు దాని మీద లైటు పడాలి కదా. పట్టీ లేని నల్ల గేదె అయితే లైటు కాళ్ళ దాకా అందితే తప్ప కనపడదు.

గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. చూసి, బుర్రకెక్కి, బ్రేకు మీద కాలు పడేసరికి సెకను దాటిపోతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్నా ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. అంటే డిమ్ లైటు కనీసం 40 మీటర్లయినా చూపించాలి. తడి రోడ్డయితే అదీ చాలదు.

ఇప్పుడు లెక్క జాగ్రత్తగా చూడు. లైటు నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకో. 10 మీటర్ల దూరంలో డిమ్ లైటు పై అంచు 10 సెంటీమీటర్లు కిందికి దిగితే, ఆ అంచు 90 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. 20 సెంటీమీటర్లు దిగితే 45 మీటర్ల దగ్గరే తాకుతుంది. మోటారు సైకిళ్ళ లైట్లకి ఐక్యరాజ్యసమితి నియమావళి ఒకటుంది, దాని నంబరు 53. అది ఈ దిగుడును 10 మీటర్లకి 5 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య ఉంచమంటుంది. నేను 10కీ 15కీ మధ్య పెడతాను.

పని చేసే తీరు ఇది. ముందు గాలి. టైర్లలో గాలి తక్కువుంటే నువ్వు ఎంత కొలిచినా వృథా. తరవాత హ్యాండిల్ పట్టుకుని దాని బేరింగుల కోన్‌సెట్‌లో లూజు ఉందేమో చూడు, ఫోర్కులు వంకరపోయాయేమో చూడు. ఒకసారి పడిన బండికి బ్రాకెట్టే వంగి ఉంటుంది. అప్పుడు బోల్టు ఎంత తిప్పినా లాభం లేదు, బ్రాకెట్ సరిచెయ్యాలి. అద్దం తుడువు. డూమ్ లోపల, అంటే బల్బు వెనక గిన్నెలో, మెరుపు పూత పొట్టు లేచిపోతే ఆ లైటు ఇక మార్చవలసిందే.

బల్బు విప్పి చూడు. హాలోజన్ బల్బులో రెండు తీగలుంటాయి. డిమ్ తీగ కింద చిన్న లోహపు కప్పు ఉంటుంది. అది కిందికి పోయే వెలుగును అడ్డుకుంటుంది. అందుకని డిమ్‌లో డూమ్ పైసగం మాత్రమే పనిచేసి వెలుగును కిందికి తోస్తుంది. గోడ మీద కనపడే ఆ తిన్నని అంచు దాని వల్లే వస్తుంది. బల్బు చుట్టూ ఉన్న మూడు చెవులు హోల్డర్ గాళ్ళలో ఒక్క తీరుగానే కూర్చుంటాయి. తొందరపడి వంకరగా దూర్చేస్తే డిమ్ కాస్తా ఆకాశానికి పోతుంది. గాజును వేళ్ళతో ముట్టుకోకు. చేతి జిడ్డు అంటితే బల్బు తొందరగా పోతుంది.

ఇక గోడ. నేల సమంగా ఉండాలి, గోడ నిటారుగా ఉండాలి. బండిని గోడ దగ్గరికి తెచ్చి, లైటు నడిమధ్య ఎంత ఎత్తులో ఉందో సుద్దతో అడ్డగీత గియ్యి, నడిమికి నిలువుగీత గియ్యి. తరవాత టేపు పట్టి 10 మీటర్లు వెనక్కి లాగు. పాత బళ్ళలో హెడ్‌లైట్ మాగ్నెటో నుంచి నేరుగా వెలుగుతుంది. ఐడిలింగ్‌లో అది మినుకు మినుకుమంటుంది కాబట్టి కాస్త రేసు ఇచ్చి చూడాలి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ళకి లైటు ఆర్పే స్విచ్చే లేదు. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. సర్దడం తప్పితే పగలు కూడా ఎదుటివాడి కళ్ళలోనే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి ఎప్పుడూ లైటు సర్దకు. ఖాళీ బండి మీద కూడా సర్దకు. యజమానిని కూర్చోబెట్టు. అతను రోజూ భార్యతో వెళ్తాడా, మూటలతో వెళ్తాడా అడుగు. ఆ బరువు ఎక్కించాకే స్పానర్ పట్టు.

బరువు వేస్తే వెనక షాకబ్జర్లు కుంగుతాయి, ఏతం తీరులో ముందు భాగం లేస్తుంది. వెనక చక్రం దగ్గర 3 సెంటీమీటర్లు ఎక్కువ కుంగిందనుకో. రెండు చక్రాల మధ్య దూరం మామూలు బళ్ళకి 125 సెంటీమీటర్లకి అటూఇటూ. ఆ లెక్కన 10 మీటర్ల దగ్గర లైటు 24 సెంటీమీటర్లు పైకి పోతుంది. ఖాళీ బండి మీద నువ్వు ఎంతో శ్రద్ధగా 10 సెంటీమీటర్లు దించి పెట్టావు, ఇప్పుడు అది 14 సెంటీమీటర్లు పైన ఉంది. 20 మీటర్ల దూరంలో ఎదురొచ్చే కారు డ్రైవరు కళ్ళ ఎత్తుకి చేరుతుంది. 40 మీటర్ల దగ్గర దాదాపు మీటరున్నర ఎత్తు. బండి నడిపేవాడు డిమ్ కొట్టానని అనుకుంటూనే ఉంటాడు, ఎదుటివాళ్ళు తిడుతూనే ఉంటారు. తన ముందు పడుకున్న పశువు కాళ్ళ మీద మాత్రం సరైన వెలుగు పడదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది ఇదే మాట చెబుతుంది. లైటుకి 8 మీటర్ల దూరంలో, కుడిపక్కకి అర మీటరు జరిగి, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కన్నున్న మనిషికి ఆ వెలుగు మిరుమిట్లు కలిగించకూడదు. నువ్వే అక్కడ నిలబడి చూడు. అరవై దాటినవాళ్ళ కళ్ళు నీ కళ్ళలా తేరుకోవు. శుక్లం మొదలైన కంటిలో వెలుగు చెదిరి, కాసేపు రోడ్డే కనపడదు. అది గుర్తుంచుకుని సర్దు.

బరువుతో సర్దిన లైటు, మూటలు దించేశాక మరీ కిందికి పోదా అంటావు. పోతుంది. పైలెక్కలోనే చూస్తే వెలుగు 26 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది, అది చాలదు. దానికి మందు వెనక షాకబ్జర్ల కింద ఉన్న మెట్ల కాలర్. బరువుంటే పై మెట్టుకి తిప్పాలి, లేకపోతే కింది మెట్టుకి. అప్పుడు కుంగుడులో తేడా తగ్గుతుంది, లైటూ పెద్దగా కదలదు. ఈ కాలర్ తిప్పడం ప్రతి కస్టమర్‌కీ చేతిలో పెట్టి నేర్పించు. చాలామందికి అది ఎందుకుందో ఎవరూ చెప్పి ఉండరు.

ఇక లైటు వంచడానికి చాలా కమ్యూటర్ బళ్ళకి డూమ్ కింద ఒక బోల్టు ఉంటుంది. దాన్ని పూర్తిగా విప్పకు. కాస్త వదులు చేసి, చేత్తో వంచి, అంచు అడ్డగీతకి 10-15 సెంటీమీటర్లు కిందికి చేరాక బిగించి, బిగించాక మళ్ళీ చూడు. బిగింపులోనే అది జరిగిపోతుంది. డిమ్ సరిపడితే, ఒకే డూమ్ ఉన్న బండికి బ్రైట్ దానంతట అదే సరిపడుతుంది. కొన్ని లైట్లలో అంచు ఎడమవైపు కాస్త పైకి లేస్తుంది. రోడ్డు పక్కన నడిచేవాళ్ళని చూపించడానికి అలా చేశారు, వంకర అనుకోకు. కుడివైపు లేస్తే మాత్రం అది కుడిపక్కన నడిచే దేశాల సరుకు, మనకి పనికిరాదు.

హాలోజన్ డూమ్‌లో బజారు ఎల్‌ఈడీ బల్బు పెట్టమని అడిగేవాళ్ళు చాలామంది వస్తారు. తెల్లగా ఉంటుంది, దగ్గర్లో బాగా కనపడినట్టే ఉంటుంది. కానీ తీగ ఉండవలసిన చోట వెలుగు పుట్టదు కాబట్టి చాలావాటికి అంచు చెదిరిపోతుంది. అంచు లేని లైటును ఏ బోల్టుతోనూ సర్దలేం. గోడ మీద చూపించి చెప్పు. విననివాడిని వెళ్ళనీ. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చిన బండి వేరు, దాని డూమ్ ఆ వెలుగుకే చేసింది.

మీ నాన్న బండి మీద మీ అమ్మ, చెల్లి ఇద్దరూ ఎక్కుతారని నాకు తెలుసు. ముందు ముగ్గురెక్కడం మానిపించు. తరవాత అమ్మని వెనక కూర్చోబెట్టి, బడి గోడ దగ్గర ఈ పనంతా చెయ్యి. సర్దకముందు అంచు ఎక్కడుందో, సర్దాక ఎక్కడుందో, రెండూ సెంటీమీటర్లలో కాగితం మీద వేసుకుని ఇక్కడికి వచ్చేటప్పుడు తీసుకురా.

మీ మావయ్య