ఏడు సంఘముల యాత్ర - ఒక పరిశీలన

మా అధ్యాపకుల గదిలో లోగడ ఒక పెద్దలు ఉండేవారు. గణితము బోధించేవారు, క్రైస్తవులు. పదవీ విరమణ చేసిన పిమ్మట ఒక యాత్రికుల బృందముతో కలిసి తుర్కీ దేశమునకు వెళ్ళి, బైబిలులోని చివరి గ్రంథమగు ప్రకటనలో పేర్కొనబడిన ఏడు సంఘముల స్థలములను చూచి వచ్చారు. వచ్చిన వారము రోజులకు ఎండు అంజూరముల పొట్లము చేతబట్టుకొని మమ్ములను చూడవచ్చి, కుర్చీలో కూర్చుండి, "ఏడూళ్ళూ తిరిగానండీ, ఏడింటిలోనూ ఆ నాటి చర్చి ఒక్కటీ కనబడలేదు" అన్నారు. అందరమూ నవ్వితిమి. ఆయనయూ నవ్వినారు గాని, ఆ నవ్వులో కొంత నిరాశ లేకపోలేదు. ఆ నిరాశకు కారణమేమో తెలిసికొనవలెనని చదువ నారంభించితిని. ఈ వ్యాసము ఆ పఠన ఫలితము.

కారణము సగము భాషలోనే ఉన్నది. మూలమగు గ్రీకు గ్రంథములో ఉన్న మాట "ఎక్లేసియా". పిలువబడి ఒకచోట కూడిన జనసమూహమని దాని అర్థము. అది మనుష్యులకు పేరే గాని గోడలకు, గోపురములకు పేరు కాదు. తెలుగు బైబిలు అనువాదకులు దానిని "సంఘము" అనినారు. ఎంత సముచితమైన మాట! మన ఉర్దూ విద్యార్థులకు తెలిసిన "కలీసా" అను పదమునకు, తుర్కీలు వాడు "కిలిసె" అను పదమునకు తల్లి ఈ ఎక్లేసియాయే. అయితే ప్రయాణములో అర్థము మారి ఆ రెండును కట్టడమునకు పేర్లయినవి. మా పెద్దలు తెలుగు బైబిలులో సంఘములని చదివి, ప్రయాణ సంస్థవారి కరపత్రములో చర్చీలని చదివి బయలుదేరినారు. సంఘమును వెదకబోయి కట్టడము కొరకు కన్నులు కాయలు కాచునట్లు చూచినారు.

ప్రకటన గ్రంథము సుమారు క్రీ.శ. 95 ప్రాంతమున వ్రాయబడినదని పలువురు పండితుల అభిప్రాయము. అప్పటికి క్రైస్తవులకు ప్రత్యేకమైన ప్రార్థనా మందిరములు లేవు. విశ్వాసుల యిండ్లలోనే కూడుకొనేవారు. సిరియాలోని దురా యూరోపస్ అను చోట త్రవ్వకములలో బయల్పడిన, ప్రార్థనకై మార్చుకొనబడిన ఒక యిల్లు మూడవ శతాబ్దము నాటిది. మనకు తెలిసినవానిలో మిక్కిలి పురాతనమైన వానిలో అదొకటి. కనుక ఏడు పట్టణములలో నేడు యాత్రికులకు చూపబడు చర్చి శిథిలములన్నియు ఆ లేఖలు వెళ్ళిన కాలమునకు రెండు మూడు వందల యేండ్లు, కొన్నియెడల అంతకు మించి, తరువాతివి. ఈ ఒక్క సంగతి బయలుదేరకముందే ఎవరైనా చెప్పియున్నచో మా పెద్దలకు ఆ నిరాశ ఉండెడిది కాదు.

ఇట్టి యాత్ర నేటిది కాదు. నాల్గవ శతాబ్దపు చివరి భాగమున ఎగేరియా అను స్త్రీ పశ్చిమ దేశమునుండి బయలుదేరి సీనాయి, జెరూసలేము మొదలగు స్థలములు తిరిగి, తాను చూచినదంతయు తన సోదరీమణులకు లేఖగా వ్రాసినది. ఆ లేఖ ప్రతి 1884లో ఇటలీలోని అరెజ్జో పట్టణములో దొరికినది, అదియు అసంపూర్ణముగా. అందులో నన్ను ఆకర్షించినది ఒక ఆచారము. ఆ స్థలమునెరిగిన సన్యాసులు దారి చూపగా, ప్రతి చోటను ఆమె బృందము నిలిచి, ఆ స్థలమునకు సంబంధించిన లేఖన భాగమును చదివి, కీర్తన పాడి, ప్రార్థించి ముందుకు సాగేది. నేటి బృందములు చేయునదియు సరిగా ఇదే. గాడిదలకు బదులు బస్సులు వచ్చినవి. హజ్‌కు వెళ్ళిన మన పెద్దలు ముఅల్లిమును గూర్చి చెప్పు మాటలు గుర్తు తెచ్చుకొనుడు. తెలియని దేశములో, తెలియని భాష నడుమ, యాత్రికుని భక్తి సగము దారి చూపువాని నోటిలో ఉండును. కనుకనే వాని బాధ్యత పెద్దది.

తుర్కీ దేశములో విదేశీయులకు స్థలములు చూపువారు చట్టరీత్యా అనుమతి పొందినవారై ఉండవలెను. కనుక బృందమునకు ఇద్దరు మార్గదర్శకులుందురు: వెంట వెళ్ళిన పాస్టరు ఒకరు, స్థానికుడగు గైడు మరియొకరు. ఈ రెండవవాడు తరచుగా ముస్లిము. ఒకరు గ్రంథము చదువుదురు, మరొకరు రాయిని చూపుదురు. ఈ రెంటి మధ్య సందులోనికి మూడవదియగు ఐతిహ్యము మెల్లగా వచ్చి చేరును. యాత్రికుడు గ్రంథమేదో, రాయి ఏదో, ఐతిహ్యమేదో వేరుచేసికొనలేకపోయినచో, ఇంటికి వచ్చి మూడింటిని ఒక్కటిగా చెప్పును. విన్నవాడు ఒకటి అబద్ధమని తెలిసిననాడు మూడింటిని త్రోసివేయును. నా భయమంతయు ఇందుకే.

లేఖలు వెళ్ళిన క్రమము ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. పటము మీద వ్రేలు పెట్టి ఈ క్రమములో నడిపినచో ఎఫెసునుండి ఉత్తరముగా పోయి, పెర్గము వద్ద ఆగ్నేయమునకు తిరిగి, గుఱ్ఱపు నాడావలె ఒక వంపు ఏర్పడును. ఇది వార్తాహరులు నడిచే దారియని రామ్సే పండితుడు 1904లో ప్రకటించిన గ్రంథములో వాదించినాడు. బస్సులును ఇంచుమించు ఆ దారినే పోవును.

ఎఫెసు వద్ద ఎక్కువసేపు నిలువవలెను. సుమారు 25,000 మంది కూర్చుండదగిన నాటకశాల అక్కడ నేటికిని ఉన్నది. అపొస్తలుల కార్యముల 19వ అధ్యాయములో వెండిపనివారు పౌలు బోధవలన తమ వృత్తి చెడుచున్నదని అల్లరి చేసినది ఈ నాటకశాలయందే. ఇక్కడ గ్రంథమును రాయియు ఒకదానికొకటి సాక్ష్యము పలుకుచున్నవి; శంకకు తావులేదు. ప్రపంచపు ఏడు వింతలలో ఒకటియైన అర్తెమి ఆలయము మాత్రము 1869లో వుడ్ అను ఆంగ్లేయుడు బురదలోనుండి దాని ఆనవాలు వెలికితీయువరకు ఎక్కడున్నదో తెలియనేలేదు. నేడు ముక్కలు పేర్చి నిలబెట్టిన స్తంభమొక్కటి కనబడును. నది తెచ్చిన ఒండ్రువలన రేవు పూడిపోయి సముద్రము దూరమునకు జరిగినది; దానితో నగరము క్షీణించినది. సమీపమున జస్టీనియను చక్రవర్తి ఆరవ శతాబ్దములో కట్టించిన యోహాను మందిరపు శిథిలములును, 1375లో కట్టబడిన ఈసా బే మసీదును ఒక్క చూపులో పట్టును.

అక్కడికి దగ్గరలోని కొండ మీద "మరియమాత యిల్లు" అను చిన్న రాతి మందిరము కలదు. యాత్రికులు కన్నీరు పెట్టుకొను స్థలమిది. బైబిలు చెప్పునదేమనగా, ఈసా ప్రవక్త తల్లి ఒక శిష్యుని సంరక్షణకు అప్పగింపబడెననుట మాత్రమే. ఆ శిష్యుడు యోహాననియు, ఆయన ఎఫెసులో నివసించెననియు ఐతిహ్యము. మంచము పట్టిన జర్మను సన్యాసిని ఎమ్మెరిక్ ఆ ప్రదేశమును ఎన్నడును చూడకయే తన దర్శనములలో వర్ణించినదనియు, 1891లో ఇజ్మీరునుండి వచ్చిన పాదరీలు ఆ వర్ణన పట్టుకొని ఈ యింటిని గుర్తించిరనియు చెప్పుదురు. పోపులు 1967, 1979, 2006 సంవత్సరములలో దర్శించిరి. అయినను ఇది ఆమె నివసించిన యిల్లేయని కతోలిక సంఘము నిర్ణయించి ప్రకటింపలేదు. ఆమె సమాధి జెరూసలేములో నున్నదని మరియొక ఐతిహ్యము ఉండనే ఉన్నది. బీబీ మరియము పేర ఒక సూరాయే ఉన్న మనకు ఆమె పరాయిది కాదు. అక్కడ ప్రార్థించువారిలో ముస్లిము స్త్రీలును పలువురు. ప్రార్థనకు చారిత్రక ఋజువు అక్కరలేదు. కాని ప్రార్థనను ఋజువుగా చూపరాదు.

మా పెద్దలు నన్ను ప్రత్యేకముగా అడిగినది వేరొక స్థలమును గూర్చి. "ఇక్కడి గుహ మీ గ్రంథములో కూడా ఉన్నదని గైడు చెప్పాడు, నిజమేనా మాస్టారూ?" అనినారు. ఎఫెసు వద్ద కొండవాలున ఏడుగురు నిద్రితుల గుహ యని ఒకటి కలదు. డెసియసు చక్రవర్తి హింసకు జడిసి దాగిన యువకులు తరములపాటు నిద్రించి మేల్కొనిరని క్రైస్తవుల కథ. 1927-28లో జరిగిన త్రవ్వకములలో అక్కడ అనేక సమాధులు బయల్పడినవి. పవిత్ర ఖుర్ఆనులో 18వ సూరా అస్‌హాబె కహఫ్ వృత్తాంతమును చెప్పును. అందు ఊరి పేరు లేదు. వారు ముగ్గురా, అయిదుగురా, ఏడుగురా యని జనులు వాదులాడుకొందురనియు, ఆ సంఖ్య దైవమునకే బాగుగా తెలియుననియు చెప్పి, ఆ వాదమును పెంచవలదని హెచ్చరించును. తుర్కీలోనే తార్సూసు, అఫ్షిను పట్టణముల వారును, జోర్డానులో అమ్మాను సమీపమున వారును తమ గుహయే ఆ గుహయని చూపుదురు. కనుక నేను వారితో "కథ ఉన్నదండీ, చిరునామా లేదు" అంటిని. ఈ జవాబు వారికి మిగుల నచ్చినది.

స్ముర్న నేటి ఇజ్మీరు మహానగరము. ఆ సంఘ పెద్ద పోలికార్పు రెండవ శతాబ్ది మధ్యకాలమున హతసాక్షియైనది ఇక్కడనే. పెర్గములోని గొప్ప బలిపీఠపు శిల్పములు 1878నుండి హూమాను అను జర్మను ఇంజనీరు త్రవ్వించగా బెర్లినుకు చేరినవి. కొండమీద మిగిలినది మెట్ల పునాదియు, దానిమీది చెట్లును. ప్రకటనలోని సాతాను సింహాసనము ఇదియేయని గైడులు నిశ్చయముగా చెప్పుదురు. చక్రవర్తి ఆరాధనకై వెలసిన ఆలయమని కొందరు, వైద్యదేవత క్షేత్రమని కొందరు పండితులు చెప్పుచున్నారు. తుయతైర నేటి అఖిసారు. లూదియ యను ఊదారంగు వస్త్రముల వర్తకురాలి ఊరు. శిథిలములు బజారు నడుమ ఒక చిన్న ఆవరణలో ఇమిడియున్నవి. పాస్టరు అక్కడ నిలిచి లేఖ చదువుచుండగా దగ్గరి మసీదునుండి అజాను వినవచ్చినదట. ఆయన పుస్తకములో వ్రేలు పెట్టుకొని, అది ముగియువరకు ఆగి, ఆగిన వాక్యమునుండియే మరల చదివినారట.

సార్దీసులో 1962లో బయల్పడిన యూదుల ప్రార్థనా మందిరము వేయిమంది పట్టునంతటిది. అదియు లేఖ తరువాతి కాలపుదే. ఫిలదెల్ఫియలో ఇటుక స్తంభములు కొన్ని ఇండ్లమధ్య నిలిచియున్నవి.

లవొదికయను గూర్చి మాత్రము ఒక మాట విపులముగా చెప్పవలెను. ఆ సంఘము చల్లగానైనను వెచ్చగానైనను లేక నులివెచ్చగా నున్నదని లేఖలో నింద. ఎదుట కొండమీద హియెరాపొలి వేడినీటి బుగ్గలు తెల్లగా మెరయుచుండును; తూర్పున కొలొస్సయి చల్లని నీటికి పేరుపడినది. ఆ వేడినీరే గొట్టములలో ప్రవహించి లవొదికయ చేరుసరికి నులివెచ్చనయ్యెడిదని చాలామంది గైడుల వ్యాఖ్య. వినుటకు ఎంతో సొంపుగా నుండును! కాని ఆ నగరపు నీరు వచ్చినది ఉత్తరముననున్న హియెరాపొలినుండి కాదు, దక్షిణమున నేటి దెనిజ్లి ప్రక్కనున్న ఊటలనుండి. ఈ నీటి పోలిక 1957లో ఇద్దరు పండితులు వ్రాసిన వ్యాసముతో వ్యాప్తిలోనికి వచ్చినది. విందులలో వేడి పానీయము, చల్లని పానీయము ఇచ్చు ఆచారమునుండి పుట్టిన మాటయని మరికొందరందురు. మరియొక పోలిక ఇంతకన్న గట్టిది. తాను ధనికుడననియు తనకేమియు కొదువలేదనియు ఆ సంఘము అనుకొనుచున్నదని లేఖ దెప్పును. క్రీ.శ. 60లో భూకంపమున కూలిన ఈ నగరము రోము సహాయము లేకయే తన సొమ్ముతో తిరిగి లేచెనని రోమను చరిత్రకారుడు టాసిటసు వ్రాసినాడు. ఇట్టిది చెప్పిననాడు గైడు ధన్యుడు.

మా పెద్దలకు దుఃఖము కలిగించినది వాస్తవముగా రాళ్ళు కావు. ఆ యూళ్ళలో తమతో కలిసి ప్రార్థించుటకు స్థానిక క్రైస్తవులు ఇంచుమించు కానరాకపోవుట. 1922 యుద్ధ విపత్తును, 1923 లోజాను ఒడంబడికను కలిసి అనటోలియాలోని గ్రీకు క్రైస్తవులు దాదాపు 12 లక్షలమందిని గ్రీసుకు చేర్చినవి. గ్రీసులోని ముస్లిములు మూడున్నర లక్షలకు పైగా తుర్కీకి తరలింపబడిరి. ఇరువైపులను తాతల సమాధులు, మందిరములు పరులకప్పగించి పోయినవారే. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదువు మనకు ఈ సంగతి ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు.

మన రాష్ట్రములోనూ జెరూసలేము యాత్రకు ప్రభుత్వ సహాయముతో వెళ్ళివచ్చిన క్రైస్తవ కుటుంబములు కలవు. అట్టి ఇండ్లనుండి వచ్చిన విద్యార్థులు తమ పెద్దలను అడిగి, అక్కడ ఏది చదివిరో, ఏది చూచిరో, ఏది ఎవరి నోట వినిరో మూడు వరుసలుగా వ్రాసి తెచ్చినచో రాబోవు సంచికకు మంచి వ్యాసము కాగలదు. హజ్ చేసిన ఇండ్లవారికిని ఇదే మనవి.

కళాశాల సంఘమువారికి ఒక విన్నపము. ఈ పట్టణములున్న ఆసియా మైనరు పటము మన గ్రంథాలయములో లేదు. ఈ వ్యాసమునకై నేను వాడినది మా గణితము మాస్టారు గ్రాఫు కాగితము మీద పెన్సిలుతో గీసి ఇచ్చిన పటము. దూరములన్నియు కిలోమీటర్లలో వేసియున్నవి. దానిని గ్రంథాలయములో ఇచ్చియున్నాను. కావలసినవారు అడిగి చూడవచ్చును.