ప్లాంటు లోపలికి వెళ్లే డాక్టరు

స్పిన్నింగ్ మిల్లులో పనిచేసే మనిషి ఛాతీ పట్టేస్తోందని వస్తే ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్ రాసిచ్చేయడం తేలిక. ‘ఏ రోజు ఎక్కువగా ఉంటోంది?’ అని అడిగి చూడండి. వారపు సెలవు తర్వాత మిల్లులో అడుగుపెట్టిన మొదటి రోజే ఊపిరి ఆడనట్టుండి, రోజులు గడిచేకొద్దీ సర్దుకుంటుంటే అది బిసినోసిస్ కావచ్చు. పత్తి దుమ్ముతో వచ్చే జబ్బు అది. మందుతో పాటు కార్డింగ్ సెక్షన్‌లో దుమ్ము లాగే ఏర్పాటు పనిచేస్తోందో లేదో కూడా చూడాల్సిన కేసు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని వృత్తి రోగాలపై 1700లోనే పుస్తకం రాసి, రోగిని ‘ఏం పని చేస్తావు?’ అని తప్పక అడగమన్నాడు. కిక్కిరిసిన మన ఓపీల్లో ఆ ప్రశ్న అడిగే తీరిక ఇప్పటికీ తక్కువే. ఆ ప్రశ్నతోనే మొదలయ్యే వైద్యశాఖ ఆక్యుపేషనల్ మెడిసిన్.

ఎంబీబీఎస్ అయ్యాక నీట్ పీజీ ర్యాంకు కోసం ఏళ్లు వెచ్చిస్తున్న వాళ్లకు ఈ దారి గురించి చెబితే ‘ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో పారాసిటమాల్ ఇవ్వడమే కదా’ అని పెదవి విరుస్తారు. అలా నెట్టుకొచ్చే డాక్టర్లు లేకపోలేదు. కాని అది ఆ డాక్టర్లు ఎంచుకున్న తీరు. ఈ రంగంలోకి రావడానికి ఎక్కువమంది ఎంచుకునే అర్హత ఏఎఫ్‌ఐహెచ్, అంటే అసోసియేట్ ఫెలో ఆఫ్ ఇండస్ట్రియల్ హెల్త్. ఎంబీబీఎస్ తర్వాత మూడు నెలల కోర్సు. ముంబైలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నైలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ వంటి కేంద్ర కార్మిక శాఖ సంస్థల్లో ఉంటుంది. కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేసినవాళ్లూ ఇటు వస్తుంటారు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలున్న చోట కార్మికులకు వైద్య పరీక్షలు, ఆరోగ్య రికార్డులు తప్పనిసరి చేశారు. పారిశ్రామిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన డాక్టర్ల అవసరం అక్కడినుంచి పెరిగింది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తిభద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. రాష్ట్రాల నిబంధనలను కూడా చదువుతూ ఉండాలి.

ఇక అసలు పని. పరవాడలోనో, జీడిమెట్లలోనో ఒక బల్క్ డ్రగ్ యూనిట్ ఊహించుకోండి. రియాక్టర్ మూత తీసి, డ్రమ్ములోని పొడిని స్కూపుతో లోపల పోస్తున్నాడొక కుర్రాడు. మాస్కు ముక్కు కిందికి జారి ఉంది. ఎందుకని అడిగితే కళ్లద్దాల మీద ఆవిరి పట్టి కనబడట్లేదంటాడు. అంతకుముందు వారమే దద్దుర్లతో మీ దగ్గరికి వచ్చిన మనిషే అతను. గదిలో కూర్చుని ఎన్ని ఆయింట్‌మెంట్లు మార్చినా తెలియని కారణం పది నిమిషాలు అక్కడ నిలబడితే తెలుస్తుంది. అతణ్ని మందలించి వదిలేస్తే లాభం లేదు. ముఖానికి సరిపోయే రెస్పిరేటర్ ఇప్పించడం, అంతకన్నా ముందు పొడి గాల్లోకి లేవకుండా మూసి ఉంచే ఏర్పాటు చేయమని ఇంజినీర్లను ఒప్పించడం ఇందులో భాగం. ఈస్ట్రోజెన్ లాంటి హార్మోన్ల పొడి పీలిస్తే మగ కార్మికుల్లో రొమ్ములు పెరిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. సిగ్గుతో వాళ్లు చెప్పుకోరు, మనమే అడగాలి.

చెవుల సంగతీ అంతే. రోజంతా కంప్రెసర్ పక్కన పనిచేసేవాడి ఆడియోగ్రామ్‌లో సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర ముందుగా పల్లం కనబడుతుంది. మాటలు ఇంకా బాగానే వినబడుతుంటాయి కాబట్టి అతనికి అనుమానమే రాదు. అతను చేరినప్పటి రికార్డుతో ఇప్పటి దాన్ని పక్కపక్కన పెట్టి చూపితే ఇయర్‌ప్లగ్ గురించి ఉపన్యాసం అక్కర్లేదు. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు.

ఈ ఉద్యోగంలో జీతమిచ్చేది యాజమాన్యం, రోగి మాత్రం కార్మికుడు. చాలామంది ఇబ్బంది పడేదిక్కడే. కార్మికుడికి షుగరుందా, డిప్రెషన్ ఉందా అన్నది హెచ్‌ఆర్‌కు చెప్పాల్సిన పని లేదు. ఈ పనికి ఫిట్టా కాదా, ఏ జాగ్రత్తలు కావాలి, అంతవరకే చెప్పాలి. ఎత్తు మీద పనిచేసేవాడికి మూర్ఛ ఉందని తేలితే ఎత్తు పని ఆపించాలి. కాని బయటికి పంపేయకుండా నేల మీద వేరే పని చూపించమని గట్టిగా అడగాల్సింది మీరే. సిలికోసిస్, సీసం విషప్రభావం లాంటివి నోటిఫై చేయాల్సిన వ్యాధుల జాబితాలో ఉన్నాయి. అవి కనబడితే ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు తెలియజేయడం డాక్టరుకు చట్టం పెట్టిన బాధ్యత. యాజమాన్యం మొహం చిట్లించినా తప్పదు.

అవకాశాలు ఫార్మాకే పరిమితం కావు. సింగరేణి గనుల్లో, విశాఖ ఉక్కులో, రామగుండం విద్యుత్ కేంద్రంలో, ఓడరేవుల్లో పని ఉంటుంది. గని కార్మికులకు నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష జరగాలి. వాళ్ల ఛాతీ ఎక్స్‌రేలను అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రామాణిక ఫిల్ములతో పోల్చి చదవడం విడిగా నేర్చుకోవాల్సిన విద్య. హైదరాబాద్ ఐటీ సంస్థల్లోనైతే మెడ నొప్పులు, రాత్రి షిఫ్టుల నిద్రలేమి, మానసిక ఒత్తిడి ఎక్కువ. పరిశోధన ఇష్టమైతే అహ్మదాబాద్‌లో ఐసీఎంఆర్‌కు చెందిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆక్యుపేషనల్ హెల్త్ ఉంది.

వేళలు చాలావరకు ఖాయంగా ఉంటాయన్నది నిజం. ప్రమాదం జరిగిన రోజు మాత్రం ఆ లెక్క ఉండదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకైనప్పుడు ప్లాంటు గోడ దాటి ఊరే ఆస్పత్రి పాలైంది. లోపల వాడే ప్రతి రసాయనానికి ప్రథమ చికిత్స ఏమిటో చుట్టుపక్కల ఆస్పత్రులకు ముందే చెప్పి ఉంచాలి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడే చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉండాలి.

ఇంటర్వ్యూకి వెళ్తే జీతంతో పాటు ఇవీ అడగండి: డాక్టరు రిపోర్టు చేయాల్సింది హెచ్‌ఆర్‌కా, ప్లాంట్ హెడ్‌కా? కాంట్రాక్టు కార్మికులకు కూడా పరీక్షలు చేస్తారా, వాళ్లు కాంట్రాక్టరు మారితే రికార్డు ఏమవుతుంది? గాలిలో దుమ్ము, ఆవిరి ఎంతుందో కొలిచిన రిపోర్టులు డాక్టరుకు అందుతాయా? చేరేముందు ఒకసారి ప్లాంటు చూడాలని కూడా అడగండి, వీలైతే రాత్రి షిఫ్టులో.